వచ్చే నీరు, పోయే నీరు: భాగ్యనగర జలమండలి కథ

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



మన శాఖ చరిత్ర మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నాకు పని అప్పగించారు. ఏటా ‘నేను బతికే ఉన్నాను’ అని ఆఫీసుకు కాగితం దాఖలు చేసుకునే వయసులో ఉన్నాం. పాత సంగతులు చెప్పమంటే మనలో కాదనేవారు ఎవరూ లేరు. ఆపమంటేనే కష్టం. అయినా భోజనాల వేళ దాటకుండా ముగిస్తానని మాట ఇస్తున్నాను.

ముందుగా ఒక సంగతి మనవి చేస్తాను. మన శాఖ పేరులోనే రెండు పనులున్నాయి. ఒకటి నీటి సరఫరా, రెండవది మురుగునీటి పారుదల. సభల్లోనూ, సావనీర్లలోనూ, శిలాఫలకాల మీదా ఎప్పుడూ మొదటి పని గురించే ఉంటుంది. చెరువు కట్టించిన ప్రభువు పేరు చెరువుకు పెట్టారు. మురుగు లైను వేయించిన వారి పేరు ఏ లైనుకూ పెట్టినట్టు నేను వినలేదు. పొద్దున వంటింట్లోకి వచ్చిన నీరే సాయంత్రానికి మోరీలోకి పోతుంది. ఇంటికి నూరు లీటర్లు ఇస్తే అందులో ఎనభై లీటర్లు మురుగై తిరిగి వస్తుందని మనమందరం డిజైన్ లెక్కలు కట్టినవాళ్ళమే. కాబట్టి ఈరోజు వచ్చిన నీటి కథతోపాటు పోయిన నీటి కథ కూడా చెప్పుకుందాం.

బావులు, చెరువులు, భిష్తీలు

మన నగరంలో ఊరి కంటే చెరువు వయసులో పెద్దది. చార్మినార్ కట్టి హైదరాబాద్ పునాది వేసింది 1591లో. హుస్సేన్ సాగర్ అంతకు దాదాపు ముప్పై ఏళ్ళ ముందే, ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో తయారైంది. గోల్కొండ కోటలో మట్టి గొట్టాల ద్వారా నీరు పైకి చేర్చిన ఏర్పాటు చూసినవారికి ఆనాటి పనివాళ్ళ నేర్పు తెలిసే ఉంటుంది.

సామాన్యులకు మాత్రం బావే దిక్కు. పుత్లీబౌలి, దూద్‌బౌలి, గచ్చిబౌలి అని మనం రోజూ పలికే పేర్లలో బౌలీ అంటే బావే. భిష్తీలు తోలు సంచుల్లో నీళ్ళు మోసుకొచ్చి ఇళ్ళలో పోసేవారు. పంతొమ్మిదో శతాబ్దం మొదటి దశాబ్దంలో మీర్ ఆలం చెరువు వచ్చింది. దాని కట్ట వరుసగా 21 కమానులు పక్కకు పడుకోబెట్టినట్టుగా ఉంటుంది. నీటి ఒత్తిడిని ఆ కమానులే పంచుకుని భరిస్తాయి. రెండు వందల ఏళ్ళు దాటినా అది నిలబడే ఉంది. మన పిల్లలు జంతు ప్రదర్శనశాలకు వెళ్ళినప్పుడు ఆ పక్కనే ఉన్న ఈ కట్టను కూడా ఒకసారి చూపించండి.

మరి వాడిన నీరు ఎక్కడికి పోయేది? వీధి పక్క మోరీలోకి, అక్కడి నుంచి నాలాలోకి, నాలా నుంచి మూసీలోకి. నీరు పల్లమెరుగు అన్నారు. మన ఊరి పల్లం మూసీ. ఊరు చిన్నదిగా ఉన్నంతకాలం నది ఆ భారం మోసింది.

మూసీ వరద

1908 సెప్టెంబరు 28. ఈ తేదీ మన శాఖవాళ్ళందరూ గుర్తుంచుకోవలసిన తేదీ. ఎగువన కుండపోతగా వర్షం కురిసింది. పైనున్న చెరువులు ఒకటి తెగి రెండోదాని మీద పడి, అది తెగి మూడోదాని మీద పడి, రెండు వందలకు పైబడి చెరువులకు గండ్లు పడ్డాయి. ఆ నీరంతా ఒక్కసారిగా నగరం మీదికి వచ్చింది. అఫ్జల్‌గంజ్ ప్రాంతం తుడిచిపెట్టుకుపోయింది. పదిహేను వేల మంది దాకా మరణించారని అంచనా. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అప్పటి నిజాం మహబూబ్ అలీ ఖాన్. బొంబాయి ప్రభుత్వ కొలువు నుంచి తప్పుకుని విదేశాల్లో పర్యటిస్తున్న మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారికి నిజాం ప్రభుత్వం కబురు పెట్టింది. ఆయన 1909లో ఇక్కడికి వచ్చారు. ఆయనకు అప్పగించిన పనులు మూడు. నగర పునర్నిర్మాణానికి సలహా ఇవ్వడం మొదటిది. మళ్ళీ వరద రాకుండా పథకం తయారు చేయడం రెండవది. నగరానికి సమగ్రమైన మురుగు పారుదల పథకం రూపొందించడం మూడవది.

ఈ మూడో పనిని దయచేసి గుర్తుంచుకోండి. వరద తగ్గిన మరుసటి ఏడాదే, అంటే మన శాఖ పుట్టుకకు బీజం పడిన రోజునే, నీరూ మురుగూ కలిపే ఆలోచించారు. అమలులో మాత్రం మూడోది మూడోదిగానే మిగిలింది.

పంపు లేని నీళ్ళు

1911లో నగరంలో ప్లేగు ప్రబలింది. 1912లో, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో, నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. విశ్వేశ్వరయ్య గారి సూచన ప్రకారం మూసీ మీద గండిపేట దగ్గర ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది. ఈసీ వాగు మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయింది. ఒకటి నిజాం పేరు మీద, మరొకటి ఆయన పెద్ద కుమారుడి పేరు మీద వెలిశాయి. ఆనాటి నిర్మాణాలలో నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ గారి పాత్ర మరువరానిది. ఆయన పుట్టిన జూలై 11వ తేదీని తెలంగాణ రాష్ట్రంలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

వరద ఆపడానికి కట్టిన జలాశయాలే ఊరికి తాగునీరు ఇచ్చాయి. గండిపేట నుంచి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా సుమారు 15 కిలోమీటర్లు రాతి కట్టడపు కాలువలో నీరు తనంతట తానే నడిచి వచ్చేది. ఒక్క పంపు లేదు, ఒక్క యూనిట్ కరెంటు లేదు. హిమాయత్ సాగర్ నీరు పది కిలోమీటర్ల లోపే మీర్ ఆలం ఫిల్టర్ బెడ్లకు చేరేది. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాద్ విడిచి పోలేడని సామెతే పుట్టింది. బదిలీల మీద వచ్చి ఇక్కడే ఇళ్ళు కట్టుకున్న మనలో చాలామందికి ఆ సామెత నిజమేనని తెలుసు.

ఫిల్టర్ బెడ్లలో పనిచేసినవారు ఈ సభలో చాలామందే ఉన్నారు. పటిక కలిపితే నీటిలోని మట్టి కణాలు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి అడుక్కు దిగుతాయి. మిగిలిన నలకను ఇసుక పొర పట్టుకుంటుంది. చివర క్లోరిన్. లైను చిట్టచివరి ఇంటి నల్లాలో కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. గొట్టంలో నీళ్ళు పట్టి చుక్క మందు వేసి, పసుపు రంగు తేలితే ఊపిరి పీల్చుకునేవాళ్ళం. రంగు రాలేదంటే ఆ పూట భోజనం లేదు, ఆ లైను వెంట నడవవలసిందే.

నేల కింద ఇంకో ఊరు

ఇక మూడో పని. భూగర్భ మురుగు పారుదల వ్యవస్థ మనకు 1931లో వచ్చింది. అప్పటి నగర జనాభా నాలుగు లక్షల అరవై వేలకు అటూ ఇటూగా ఉండేది. ఆ లెక్క ప్రకారం పైపులు వేశారు. మూసీకి ఇరువైపులా పెద్ద లైన్లు వేసి, వీధుల లైన్లన్నీ వాటిలో కలిపి, నది వాలు వెంబడే తూర్పుగా అంబర్‌పేట వైపు తీసుకెళ్ళారు.

మురుగు లైను వేయడం నీటి లైను వేసినంత సులువు కాదని మన పిల్లలకు చెప్పాలి. నీటి పైపులో ఒత్తిడి ఉంటుంది. ఎత్తు మీదకైనా తోస్తే పోతుంది. మురుగు పైపుకు వాలే ఆధారం. వాలు తక్కువైతే మట్టి, మడ్డి అడుగున పేరుకుంటాయి. సెకనుకు కనీసం రెండు అడుగుల వేగంతో పారితేనే లైను తనను తాను కడుక్కుంటుంది. అంగుళం తేడా వస్తే ఆ వీధివాళ్ళు యాభై ఏళ్ళు బాధపడతారు. అందుకే ఆ కాలపు మేస్త్రీలు దారం కట్టి, మట్టసం చూసి, ఒక్కొక్క స్టోన్‌వేర్ పైపును పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టేవారు.

నాలుగున్నర లక్షల మందికని వేసిన ఆ వ్యవస్థ చుట్టూ నగరం పెరుగుతూ పోయింది. 2011 జనాభా లెక్కల నాటికి మహానగరపాలక సంస్థ పరిధిలో జనం 67 లక్షలు దాటారు. పాతబస్తీ సందుల్లో ఆనాటి పాత లైన్లకే కొత్త అంతస్తులన్నీ కలుస్తూ వచ్చాయి.

ఒకే గొడుగు కిందికి

1950ల తరువాత జంట జలాశయాలు చాలకపోయాయి. గోదావరికి ఉపనది అయిన మంజీర వైపు చూశారు. 1965లో మంజీర మొదటి దశ వచ్చింది. రోజుకు 15 మిలియన్ గ్యాలన్లు. 1981లో రెండవ దశ, మరో 30. తరువాత సింగూరు ఆనకట్ట ఆధారంగా 1990ల మొదట్లో మూడు, నాలుగు దశలు పూర్తయ్యాయి.

ఈ మధ్యలోనే మన జీవితాలను మార్చిన సంఘటన జరిగింది. అప్పటిదాకా నీళ్ళ పని ఒకరిది, మురుగు పని మరొకరిది. నీటి సరఫరా ప్రభుత్వ శాఖ చూసేది. మురుగు మునిసిపల్ కార్పొరేషన్ చూసేది. ఒకరు రోడ్డు తవ్వి పూడ్చిపోతే, ఇంకొకరు వచ్చి అదే చోట తవ్వేవారు. నీళ్ళలో వాసన వస్తోందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, అది పైపు తప్పా మోరీ తప్పా అని రెండు ఆఫీసుల మధ్య కాగితాలు నడిచేవి. 1989లో శాసనసభ చట్టం చేసింది. ఆ ఏడాది నవంబరు 1న హైదరాబాద్ మహానగర నీటి సరఫరా, మురుగునీటి పారుదల మండలి ఏర్పడింది. ముఖ్యమంత్రి గారే చైర్మన్. జనం నోట అది జలమండలి అయింది.

ఆనాడు సీనియారిటీ జాబితాలు, ఆప్షన్లు, పింఛను ఎవరిస్తారు అన్న గుబులు మనందరికీ గుర్తే. వాటి గురించి మళ్ళీ మొదలుపెడితే భోజనాలు చల్లారతాయి. కానీ ఇన్నేళ్ళ తరువాత నాకు అనిపించేది చెబుతాను. 1909లో విశ్వేశ్వరయ్య గారి ముందు ఒకే బల్ల మీద పెట్టిన నీటి పని, మురుగు పని మళ్ళీ ఒకే బల్ల మీదికి రావడానికి మనకు ఎనభై ఏళ్ళు పట్టింది. ఆ కలయికే మన మండలికి అసలు అర్థం.

దూరాల లెక్క

మన చరిత్రనంతా దూరాల లెక్కలో చెప్పవచ్చు. గండిపేట 15 కిలోమీటర్లు. హిమాయత్ సాగర్ పది లోపు. మంజీర సుమారు 58. సింగూరు 80. తరువాత నాగార్జున సాగర్ నుంచి కృష్ణ నీళ్ళు తెచ్చారు. అక్కంపల్లి జలాశయం, కోదండాపురం శుద్ధి కేంద్రం మీదుగా సుమారు 116 కిలోమీటర్లు. మొదటి దశ 2004లో, రెండవది 2008లో, మూడవది 2015లో. ఒక్కొక్కటి రోజుకు 90 మిలియన్ గ్యాలన్లు. 2015లోనే ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్ళు కూడా వచ్చాయి. 172 మిలియన్ గ్యాలన్లు, 180 కిలోమీటర్ల పైచిలుకు దూరం.

పూర్వం తనంతట తాను నడిచివచ్చిన నీటిని ఇప్పుడు మెట్టు మెట్టుకూ ఎత్తిపోసుకుంటూ తెచ్చుకుంటున్నాం. కరెంటు బిల్లు మండలి ఖర్చుల్లో పెద్ద పద్దు అయింది. 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితంగా ఇస్తున్నారు. పేదింటికి అది మేలే. కానీ నల్లాకు బిల్లు రాకపోయినా ఆ నీటికి ఖర్చు లేదని ఎవరూ అనుకోరాదు. ఆ నీటి వెనుక పగలూ రాత్రీ తిరిగే పంపులున్నాయి, షిఫ్టుల్లో మేలుకునే మనుషులున్నారు.

దూరం నీళ్ళు వచ్చాక దగ్గరి నీళ్ళ మీద మనకు మమకారం తగ్గింది. ఏరు దాటి తెప్ప తగలేసినట్టయింది. జంట జలాశయాలకు పది కిలోమీటర్ల పరిధిలో కట్టడాల మీద ఆంక్షలు పెడుతూ 1996లో 111వ నంబరు జీవో వచ్చింది. 2022లో వాటిని తొలగిస్తూ 69వ నంబరు జీవో వచ్చింది. తాగునీటికి ఆ చెరువులు ఇక అంత అవసరం లేదన్నది అప్పుడు వినిపించిన వాదన. కానీ అవి కట్టింది వరద ఆపడానికని మరిచిపోరాదు. 2025 సెప్టెంబరు చివరి వారంలో జలాశయాల గేట్లు ఎత్తితే మూసీ పొంగి మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్ళు వచ్చాయి. 1908 వరద వచ్చింది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. అదే నెలలో మల్లన్న సాగర్ నుంచి 20 టి.ఎం.సి. గోదావరి నీటిని తెచ్చే తదుపరి దశలకు శంకుస్థాపన జరిగింది. అందులో కొంత నీటిని జంట జలాశయాల్లో నింపి మూసీలోకి వదులుతామన్నారు. అంటే గండిపేటతో మనకు తీరిన పని ఏమీ లేదు.

పోయిన నీరు ఎక్కడికి పోయింది?

ఇంత నీరు తెచ్చాం గదా, నూటికి ఎనభై తిరిగి వచ్చి ఎక్కడికి పోయింది? మూసీలోకే. అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్ల శుద్ధి కేంద్రం, నాగోలులో 172, అత్తాపూర్‌లో 51, నల్లచెరువు దగ్గర 30 మిలియన్ లీటర్ల కేంద్రాలు వచ్చాయి. అయినా 2021 నాటికి నగరం మురుగులో సగం కూడా శుద్ధి కావడం లేదు. అప్పుడు 3,866 కోట్ల రూపాయల అంచనాతో 31 కొత్త కేంద్రాలు మొదలుపెట్టారు. 2023 నుంచి ఒక్కొక్కటిగా పని ప్రారంభిస్తున్నాయి. సంతోషం. కానీ సంవత్సరాలు ఒకసారి చూడండి. మంజీర మొదటి దశ 1965లో. ఆ నీటికి, ఆ తరువాత వచ్చిన కృష్ణకు, గోదావరికి సరిపడా శుద్ధి కేంద్రాలు కట్టాలన్న ప్రయత్నం 2021లో. తెచ్చినప్పుడే పోయేదారి చూడకపోవడం వల్ల దిగువన ఊళ్ళు నష్టపోయాయి. అంబర్‌పేట దాటాక మూసీ ఒడ్డున మురుగునీటితోనే గడ్డి పెంచారు. ఆ గడ్డి మేసిన గేదెల పాలు తిరిగి మన ఇళ్ళకే వచ్చాయి. మనం పంపించేశామనుకున్నది ఎక్కడికీ పోలేదు.

ఖాళీ పైపు సంగతి

ఇప్పుడు మన కుటుంబాలవాళ్ళు తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటి చెబుతాను. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషితమైన నల్లా నీరు తాగి పలువురు మరణించారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఇది ఎలా జరుగుతుంది?

పైపులో నీరు నిండుగా, ఒత్తిడితో ఉన్నప్పుడు చిన్న చిల్లు ఉన్నా లోపలి నీరు బయటికి చిమ్ముతుంది. బయటి మురికి లోపలికి రాలేదు. సరఫరా ఆగి పైపు ఖాళీ అయినప్పుడు ఆ చిల్లే నోరు తెరుస్తుంది. పక్కన మోరీ కారుతూ ఉంటే ఆ మురుగు లోపలికి చేరుతుంది. మరునాడు నీళ్ళు వదలగానే మొదట వచ్చేది అదే. రోజు విడిచి రోజు నీళ్ళు వచ్చే ఊళ్ళో పైపు ఖాళీగా ఉండే గంటలే ఎక్కువ. దానికి తోడు ఇంట్లోవాళ్ళు నల్లా లైనుకు నేరుగా మోటారు బిగిస్తే, ఆ మోటారు నీళ్ళతోపాటు వీధిలోని మురికిని కూడా లాగుతుంది. తమ వాటాకు మించి నాలుగు బిందెలు వస్తాయని బిగిస్తారు. ఆ వీధిలో పసిపిల్లకు విరేచనాలైతే కారణం ఎవరికీ తెలియదు.

నీళ్ళ లైను, మురుగు లైను నేల కింద పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని ఆరోగ్యం చెడితే రెండోది బాగుండదు. మోరీ పని చిన్న పని అనుకున్న ఊరికి మంచినీళ్ళు దక్కవు.

దిగినవాళ్ళు

మోరీ పని చిన్న పని అనుకున్నట్టే, ఆ పని చేసినవాళ్ళను కూడా చిన్నచూపు చూశారు. వెదురు బద్దలతో లైను పొడిచేవాళ్ళు, అడ్డు తొలగకపోతే లోపలికి దిగేవాళ్ళు. నియమం ఏమిటో మనకు తెలుసు. ముందూ వెనుకా ఉన్న మ్యాన్‌హోళ్ళ మూతలు తీసి గంటసేపు గాలి ఆడనివ్వాలి. లెడ్ ఎసిటేట్ కాగితం దించి నల్లబడిందేమో చూడాలి. నడుముకు తాడు కట్టి పైన ఇద్దరు ఉండాలి. కుళ్ళిన గుడ్డు వాసన వస్తున్నంతసేపు ఇంకా కొంత నయం. ఆ వాయువు మోతాదు పెరిగితే ముక్కుకు వాసన తెలియకుండా పోతుంది. వాసన తగ్గిందిలే అనుకుని దిగినవాడు తిరిగి రాడు. వాణ్ణి పైకి లాగడానికి దిగిన రెండోవాడూ రాడు. మ్యాన్‌హోల్ ప్రమాదాల్లో ఇద్దరు ముగ్గురు ఒకేసారి పోవడానికి కారణం ఇదే.

మనుషులను మురుగులోకి దించరాదని 2013లో కేంద్ర చట్టం వచ్చింది. 1993 నుంచి మురుగు పనిలో మరణించిన ప్రతి ఒక్కరి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించింది. 2023 అక్టోబరు తీర్పులో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలకు పెంచింది. 2016లో మన నగరంలో వేర్వేరు సంఘటనల్లో కార్మికులు మ్యాన్‌హోళ్ళలో ప్రాణాలు కోల్పోయారు. మరుసటి ఏడాది ఇరుకు సందుల్లోకి వెళ్ళగల 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను మండలి రంగంలోకి దించింది. మంచి పని. అయినా 2021 ఆగస్టులో సాహెబ్‌నగర్‌లో ఒక రాత్రివేళ మళ్ళీ ఇద్దరు పోయారు. యంత్రం ఉన్న ఊళ్ళో మనిషి దిగవలసి వచ్చింది.

మన ప్రతి సమావేశం దివంగత సభ్యుల పేర్లు చదివి, రెండు నిమిషాలు మౌనం పాటించి మొదలవుతుంది. ఈరోజు కూడా చదివాం. ఆ పేర్లలో చీఫ్ ఇంజనీరు నుంచి అటెండరు దాకా ఉన్నారు. మ్యాన్‌హోల్‌లో దిగి పోయినవాళ్ళ పేర్లు ఎందుకు లేవు? వాళ్ళలో చాలామంది కాంట్రాక్టరు మనుషులు. మన మస్టర్ రోల్‌లో లేరు. పింఛను లేదు కనుక మన సంఘంలో సభ్యత్వం లేదు. సభ్యత్వం లేదు కనుక సంతాపం కూడా లేదు. వాళ్ళు చేసింది మాత్రం మన శాఖ పేరులోని సగం పని.

మూడు మనవులు

చరిత్ర చెప్పి ఊరుకుంటే కాలక్షేపం అవుతుంది. అందుచేత మూడు మనవులు చేసుకుని ముగిస్తాను.

మొదటిది. ఫీల్డులో పనిచేసినవాళ్ళ తలల్లో ఒక పటం ఉంది. ఏ సందు మూల ఏ వాల్వు ఉందో, దాన్ని ఎన్ని చుట్లు తిప్పితే గుట్ట మీది ఇళ్ళకు నీళ్ళెక్కుతాయో, ఏ పాత లైనును మూసివేశారో, ఏ స్టోన్‌వేర్ లైను ఏ ఇంటి కింద నుంచి పోతోందో వాళ్ళకు తెలుసు. రాత్రి రెండు గంటలకు ఇనప కడ్డీ ఒక కొన నేలకు, ఒక కొన చెవికి ఆనించి, కారుతున్న పైపు చప్పుడును పట్టుకున్న లైన్‌మన్లు ఈ సభలోనే ఉన్నారు. ఇవన్నీ కాగితం మీద లేవు. మనవడి చేతికి పెన్ను ఇచ్చి రాయించండి. ఒక ప్రతి మీ పాత సెక్షన్ ఆఫీసుకు, ఒకటి మన సంఘానికి ఇవ్వండి. మనం పోయాక ఆ వాల్వు కోసం రోడ్డంతా తవ్వే పరిస్థితి రాకూడదు.

రెండవది ఆడవాళ్ళకు, పిల్లలకు. మీ ఇంట్లో నల్లా లైనుకు మోటారు ఉంటే ఈ వారంలోనే తీయించండి. సంపు ఆరు నెలలకొకసారి కడిగించండి. డాబా మీది వాననీటిని మ్యాన్‌హోల్‌లోకి కలపకండి. వానాకాలంలో వీధుల్లో మూతలు లేచి మురుగు పొంగడానికి అదొక పెద్ద కారణం. ఆ నీటికి ఇంకుడు గుంత తవ్వించండి. జలమండలి ఉద్యోగి ఇంట్లోనే ఇవి జరగకపోతే ఇరుగుపొరుగుకు మనమేం చెబుతాం?

మూడవది మన కార్యవర్గానికి. వచ్చే సమావేశం నుంచి సంతాప జాబితాలో మురుగు పనిలో ప్రాణాలు పోగొట్టుకున్నవారి పేర్లు కూడా, వాళ్ళ కుటుంబాల అనుమతితో, చేర్చవలసిందిగా ప్రతిపాదిస్తున్నాను. ఆ కుటుంబాలను పిలవాలి. నష్టపరిహారం అందని ఇల్లు ఏదైనా ఉంటే, దరఖాస్తు రాసి, జత చేయవలసిన కాగితాలు చూసి, ఆఫీసు చుట్టూ తిరిగే పని మనం తీసుకోవాలి. ముప్పై ఏళ్ళు ఫైళ్ళు నడిపినవాళ్ళం. ఏ కాగితం ఏ బల్ల మీద ఆగుతుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? మన పింఛను కాగితాల కోసం తిరిగిన కాళ్ళే ఇవి. ఇంకో నాలుగడుగులు వాళ్ళ కోసం వేయగలవు.

 మూడవ మనవిని తీర్మానంగా సభ ముందు పెట్టవలసిందిగా అధ్యక్షుల వారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.